బల్ల మీది కుస్తీ

మోచేతులు ఆనించి, అరచేతులు పెనవేసి, ఎదుటివారి చెయ్యి వంచే పందెం, అంటే ఆర్మ్ రెజ్లింగ్, ఎంత పాతదో చెప్పలేం. ఇద్దరు మనుషులు, ఆనుకోవడానికి ఒక బల్ల ఉంటే చాలు. అలాంటి ఆట చరిత్రలో ఆనవాళ్లు మిగల్చదు. నాలుగు వేల ఏళ్ల నాటి ఈజిప్టు సమాధి చిత్రాల్లో ఇది కనిపిస్తుందని చాలాచోట్ల రాస్తుంటారు. బేనీ హసన్ సమాధుల గోడల మీద ఉన్నవి వందలాది మల్లయుద్ధ భంగిమలు. అవి ఒళ్లూ ఒళ్లూ పెనవేసుకునే కుస్తీవి. వాటిని ఆర్మ్ రెజ్లింగ్‌కు మూలమనడం వంశవృక్షాన్ని బలవంతంగా సాగదీయడమే. జపాన్‌లో మాత్రం ‘ఉదెజుమో’ పేరుతో ఇది చాలాకాలంగా జనంలో ఉన్న వినోదం.

ఆట ఒకటే అయినా, నియమాలు లేనప్పుడు అది ఎలా ఉండేదో హెమింగ్వే 1952లో ప్రచురించిన ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ నవలలో కనిపిస్తుంది. ముసలి జాలరి శాంటియాగో వయసులో ఉన్నప్పుడు కాసాబ్లాంకాలోని ఒక మద్యశాలలో ఓడరేవు కూలీతో తలపడతాడు. ఆదివారం పొద్దున మొదలైన పట్టు సోమవారం పొద్దునకు గానీ తేలదు. పందేలు కాసేవాళ్లు వస్తూ పోతూ ఉంటారు, రిఫరీలు వంతులవారీగా మారుతుంటారు. ఇప్పటి పోటీల్లో చాలా పట్లు కొన్ని క్షణాల్లోనే ముగుస్తాయి.

ఈ వినోదాన్ని క్రీడగా మలిచే ప్రయత్నం కూడా అదే 1952లో మొదలైంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని పెటలూమా అప్పటికి కోళ్ల పెంపకానికీ గుడ్లకూ పేరుపడ్డ చిన్న ఊరు. అక్కడి పత్రికలో కాలమిస్టుగా పనిచేసే బిల్ సొబెరానెస్, గిలార్డీ అనే ఆయన సెలూన్‌లో సరదాగా సాగే పందేలను చూసి, వాటిని బహిరంగ పోటీగా మార్చాడు. తొలినాళ్ల ముఖ్యమైన పట్టు ఒకటి ఎటూ తేలక సమంగా ముగిసింది. పదేళ్లు తిరిగేసరికి, 1962లో, సొబెరానెస్ డేవ్ డెవోటోతో కలిసి దానికి ‘ప్రపంచ రిస్ట్ రెజ్లింగ్ చాంపియన్‌షిప్’ అని పేరుపెట్టాడు. ఒక ఊరి పోటీకి అంత పేరా అనిపించవచ్చు. కానీ ఆ పేరే జనాన్ని రప్పించింది. 1968లో చార్లెస్ షుల్జ్ తన ‘పీనట్స్’ కార్టూన్లలో స్నూపీ అనే కుక్కను పెటలూమా పోటీకి పంపాడు. బొటనవేళ్లు పెనవేయాలన్నది నియమం, కుక్కకు బొటనవేలు లేదు. కాబట్టి స్నూపీని అనర్హుడన్నారు. మరుసటి ఏడాది నుంచి ఏబీసీ టీవీ ‘వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్’ కార్యక్రమంలో ఈ పోటీలను దేశమంతటికీ చూపించసాగింది. పెటలూమాలో నేడు సొబెరానెస్ స్మారకంగా ఒక కంచు విగ్రహం ఉంది.

పెటలూమా పద్ధతిలో పోటీదారులు ఖాళీగా ఉన్న రెండో చేతులను కూడా బల్ల మీద పట్టుకునేవారు. నేటి ఆర్మ్ రెజ్లింగ్‌లో ఆ చేత్తో బల్ల అంచున నిలబెట్టిన పిడిని పట్టుకుంటారు. ఈ చిన్న మార్పు ఆటను మార్చేసింది. పిడి ఆసరాగా దొరికేసరికి వీపు, నడుము, కాళ్ల బలం కూడా పట్టులోకి వచ్చింది. 1977లో ప్రపంచ ఆర్మ్ రెజ్లింగ్ సమాఖ్య ఏర్పడింది. దానికి పునాది వేసిన దేశాల్లో భారత్ కూడా ఒకటి. తొలి ప్రపంచ పోటీలు 1979లో కెనడాలోని వెటాస్కివిన్ పట్టణంలో జరిగాయి.

అసలు క్రీడ పుట్టింది కండల్లో కాదు, ఆ బల్ల కొలతల్లో. నిలబడి ఆడే బల్ల ఎత్తు 40 అంగుళాలు. మోచేయి ఆనించడానికి చెరో మెత్త, చెయ్యి పడాల్సిన చోట రెండు వైపులా మరో రెండు మెత్తలు ఉంటాయి. మోచెయ్యి మెత్త మీద నుంచి లేస్తే ఫౌల్. పట్టు పట్టేటప్పుడు బొటనవేలి కణుపు రిఫరీకి కనబడాలి, భుజాలు బల్లకు సమాంతరంగా ఉండాలి. చేతులు జారి విడిపోతే రెండు మణికట్లనూ పట్టీతో కట్టి మళ్లీ మొదలుపెడతారు. పోటీ మొత్తంలో రెండుసార్లు ఓడినవారే ఇంటిదారి పడతారు. ఒక్క పొరపాటుతో మేటి ఆటగాడు వెళ్లిపోకుండా ఈ ఏర్పాటు. కుడిచేతికీ ఎడమచేతికీ పతకాలు వేరు. బరువు తరగతులు, వయసు విభాగాలు కూడా ఉంటాయి.

పట్టులో ప్రధానంగా మూడు దారులు. మణికట్టును లోపలికి మడిచి ఎదుటివారిని తనవైపు లాక్కోవడం ‘హుక్’. వేళ్ల మీదుగా పైకి ఎక్కి, అవతలి మణికట్టును వెనక్కి విరిచి పట్టు సడలించడం ‘టాప్ రోల్’. భుజాన్ని చెయ్యి వెనకకు తెచ్చి తోసేయడం ‘ప్రెస్’. మొదటి రెండింటిలో పెద్ద కండల కన్నా మణికట్టు, వేళ్లు, ముంజేతి స్నాయువుల పట్టే ముఖ్యం. ప్రమాదం కూడా ఈ ఆటలో తక్కువేమీ కాదు. ముఖం, భుజం ఒకవైపు తిప్పి చెయ్యిని మరోవైపు వదిలేస్తే దండచెయ్యి ఎముక మెలితిరిగి విరుగుతుంది. బల్ల దగ్గర ఎప్పుడూ చూపు చేతి మీదే ఉంచమని శిక్షకులు మొదటిరోజే చెప్పేది అందుకే. ఈ జాగ్రత్త తెలియని స్నేహితుల మధ్య సరదా పందేల్లోనూ ఇలాంటి గాయాలు అవుతుంటాయి.

ఆర్మ్ రెజ్లింగ్‌ను ఇంటింటికీ తెలిసేలా చేసింది సిల్వెస్టర్ స్టాలోన్ నటించిన ‘ఓవర్ ది టాప్’ (1987). ఆ సినిమా కోసం 1986లో లాస్ వేగాస్‌లో నిజంగానే పెద్ద టోర్నమెంటు నిర్వహించారు. ట్రక్కు డ్రైవర్ల విభాగంలో గెలిచి, బహుమతిగా ట్రక్కును అందుకున్న కుర్రాడు జాన్ బ్రజెంక్. ఆ తర్వాత విమానాల మెకానిక్‌గా ఉద్యోగం చేసుకుంటూనే దశాబ్దాలపాటు తనకన్నా ఎంతో బరువైన వారిని ఓడించాడు. ఈ క్రీడలో అందరికన్నా గొప్పవాడు ఎవరన్న ప్రశ్నకు ఎక్కువమంది చెప్పే పేరు ఇప్పటికీ ఆయనదే.

సోవియట్ యూనియన్ కూలాక ఆట కేంద్రం తూర్పు ఐరోపాకు జరిగింది. రష్యా, ఉక్రెయిన్, జార్జియా, కజకిస్తాన్ నుంచి మేటి ఆటగాళ్లు వచ్చారు. పోలండ్‌లో ఇగోర్ మజురెంకో నడిపిన ప్రొఫెషనల్ పోటీలు వారికి వేదికయ్యాయి. ఆ క్రమంలోనే ‘సూపర్ మ్యాచ్’ బలపడింది. ఇందులో ఆ ఇద్దరే వరసగా పలు రౌండ్లు తలపడతారు. ఒక్క ఊపులో గెలిచే బలం కన్నా దమ్ము ఎక్కువ అవసరమవుతుంది. 2022లో దుబాయ్‌లో జార్జియాకు చెందిన లెవాన్ సాగినాష్‌విలి, కెనడా మాజీ సైనికుడు డెవాన్ లారట్‌ను ఒక్క రౌండు కూడా వదలకుండా ఓడించాడు. టర్కీ ఆటగాడు ఎంగిన్ టెర్జీ నిర్వహించే ‘ఈస్ట్ వర్సెస్ వెస్ట్’ ఇప్పుడు ఇలాంటి మ్యాచ్‌లకు ప్రధాన వేదిక.

చదరంగంలో ఉన్నట్టు అందరూ ఒప్పుకునే ఒకే ర్యాంకింగ్ ఇక్కడ లేదు. సమాఖ్యలు ఒకటికి మించి ఉన్నాయి. సమాఖ్య పతకాల లెక్క వేరు, సూపర్ మ్యాచ్ నిర్వాహకులు బరువు తరగతులవారీగా ఇచ్చే జాబితా వేరు. అన్నిటికీ మించి ఆటే ర్యాంకులకు లొంగదు. హుక్‌లో ఆరితేరినవాడు ఒకరిని గెలిచి, ఆ ఒకరి చేతిలో ఓడిన మూడోవాడి టాప్ రోల్ ముందు తాను ఓడిపోవచ్చు.

భారత్‌లో దీన్ని హిందీ ప్రాంతాల్లో పంజా అంటారు. నటుడు పర్వీన్ దబాస్, నటి ప్రీతి ఝంగియానీ ఆ పేరుతోనే ప్రో పంజా లీగ్ స్థాపించారు. ‘తమ్ముడు’, ‘నరసింహనాయుడు’ సినిమాల్లో నటించిన ప్రీతి తెలుగువారికి పరిచయమే. 2023లో ఢిల్లీలో జరిగిన తొలి సీజన్‌లో ఆరు జట్లు ఆడాయి. ‘కిరాక్ హైదరాబాద్’ ఫైనల్ దాకా వెళ్లి కొచ్చి జట్టు చేతిలో ఓడింది.

ఒలింపిక్స్‌లో ఆర్మ్ రెజ్లింగ్‌కు ఇంతవరకు చోటు దక్కలేదు. ఒలింపిక్ పతకం మెడలో వేసుకున్న మేటి ఆర్మ్ రెజ్లర్ మాత్రం ఉన్నాడు. బ్రజెంక్‌కు గట్టి ప్రత్యర్థిగా పేరుపడ్డ రష్యన్ అలెక్సీ వొయెవోదా 2006 టురిన్ శీతాకాల క్రీడల్లో రజతం గెలిచాడు. అది మంచుబండి పరుగైన బాబ్‌స్లెడ్‌లో.