కాటుక దిద్దుతూ నేర్చిన ఇంగ్లీషు

ఈరోజు ఎపిసోడ్ చోడవరం బస్సులోంచి మొదలవుతుంది. అనకాపల్లి వెళ్తున్నా. పక్క సీట్లో డిగ్రీ చదివే అమ్మాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఫోన్‌లో మేకప్ వీడియో. ముందు సీటు పెద్దావిడ వెనక్కి తిరిగి, "చదువు మానేసి ఈ సోకులేటమ్మా?" అంది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. వీడియో ఆపి, ఫోన్ నోట్స్‌లో "స్మడ్జ్ అంటే పులమడం" అని రాసుకుంది.

తర్వాత నాతో చెప్పింది. టెన్త్‌లో ఇంగ్లీషులో మంచి మార్కులే, కానీ మొన్న ఒక ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదట. చూడండి, మన పాఠ్యపుస్తకాల్లో వ్యాసాలుంటాయి, లేఖలుంటాయి. చేతులతో చేసే పనుల మాటలే తక్కువ. ఆ వీడియోల్లో అవే ఎక్కువ. డ్యాబ్ అంటే అద్దడం, ప్యాట్ అంటే తట్టడం, బ్లెండ్ అంటే కలిసిపోయేలా రుద్దడం. చెయ్యి చేస్తుంటే నోరు చెప్తుంది, ఇంక డిక్షనరీ ఎందుకు? "ఎ లిటిల్ గోస్ ఎ లాంగ్ వే" అంటూ చిటికెడు క్రీమ్ చూపిస్తే, కొంచెం ఉంటే చాలా దూరం వస్తుందని అర్థమైపోతుంది. మేకప్ అన్న మాటే చూడండి. "మేకప్ యువర్ మైండ్" అంటే తేల్చుకోవడం, "మేకప్ ఎ స్టోరీ" అంటే కథ అల్లడం, గొడవపడ్డవాళ్లు "మేకప్" అయ్యారంటే రాజీ పడ్డారని.

ఇప్పుడు అసలు చరిత్రకి వద్దాం. గ్లామర్ అనే మాట ఎక్కడ పుట్టిందో తెలుసా? గ్రామర్ నుంచి! చదువంటే మంత్రవిద్యలా కనిపించిన రోజుల్లో స్కాట్లాండ్ వాళ్ల నోట్లో గ్రామర్ కాస్తా గ్లామర్ అయింది, మాయ అనే అర్థంతో. అందం అన్న అర్థం తర్వాత వచ్చింది. కళ్లకి పెట్టే కోల్ అరబ్బీ మాట. ఆల్కహాల్ కూడా ఆ మాటలోంచే పుట్టింది. మొదట మెత్తటి పొడి, తర్వాత దేన్నుంచైనా తీసిన సారం, చివరికి సారా!

షాంపూ అయితే మన దేశపు మాటే. హిందీలో చాంపో అంటే ఒత్తు, పిసుకు అని. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి, తెల్లవాళ్లకి ఒళ్లు పట్టించాడు. దాన్నే షాంపూయింగ్ అన్నారు. 1794లోనే ఇంగ్లీషులో తన ప్రయాణాల పుస్తకం అచ్చేసినవాడు ఆయన.

అన్నీ ముచ్చటైన మాటలే కావు. ఫెయిర్ అంటే న్యాయం, అదే ఫెయిర్ అంటే తెల్లని ఒళ్లు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. పేరు మారినంత తేలిగ్గా మన ఇళ్లలో పెళ్లిచూపుల మాటలు మారలేదు. ఈ వీడియోల్లో నేర్చుకునేటప్పుడు ఇది గమనించాలి. ప్రతిదీ "అమేజింగ్" అనడం కూడా ఇంటర్వ్యూలో కుదరదు లెండి.

మన దగ్గర ఇంగ్లీషు మొదట ఎవరికి అందింది? గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు. అందులో గిరీశం, వెంకటేశం పొంతన లేని ఇంగ్లీషు ముక్కలు విసురుకుంటే తల్లి వెంకమ్మ మురిసిపోతుంది. ట్యూషన్ కొడుక్కి, బుచ్చమ్మకి కాదు. ఈ గురజాడ పుట్టింది ఎక్కడో కాదు, ఇప్పుడు చోడవరం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, ఎస్. రాయవరంలో. (2022 ఏప్రిల్ దాకా ఇదంతా విశాఖపట్నం జిల్లానే.) 1910లో ఆయన రాసిన 'దిద్దుబాటు'లో మాత్రం కమలిని చదువుకున్న భార్య, ఉత్తరం రాసిపెట్టి మొగుడి బుద్ధి దిద్దుతుంది. 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక, బుచ్చమ్మకి దొరకని ట్యూషన్ ఈ అమ్మాయి చేతిలోకి వచ్చింది. గిరీశం అవసరం లేకుండా.

అనకాపల్లి దగ్గరపడుతుంటే ఆమె నోట్స్ చూపించింది. కాటుక దిద్దుతాం, బొట్టు దిద్దుతాం, పలక మీద అక్షరాలు దిద్దిస్తాం, తప్పులు కూడా దిద్దుతాం. నాలుగింటికీ సరిపోయే ఇంగ్లీషు మాట ఒక్కటి కావాలని వారం నుంచి వెతుకుతోందట. ఎడమవైపు "దిద్దు" అని ఉంది. కుడివైపు ఇంకా ఖాళీ.