మారో ప్రాజెక్టు

మారో ప్రాజెక్టు 1980లో అమెరికాలో వెలువడిన ఒక రోల్ ప్లేయింగ్ గేమ్. కెవిన్ డాకరీ, రాబర్ట్ శాడ్లర్, రిచర్డ్ టుచోల్కా దీనిని రూపొందించగా టైమ్‌లైన్ సంస్థ ప్రచురించింది. ఇందులో ఆటగాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని తమ పాత్రలు ఏమి చేస్తాయో మాటలలో చెబుతారు. నిర్వాహకుడు కథను నడుపుతాడు. ఫలితాలను పాచికలు నిర్ణయిస్తాయి.

నేపథ్యం

కథ ప్రకారం బ్రూస్ ఎడ్వర్డ్ మారో అనే వ్యక్తి అణుయుద్ధం తప్పదని ముందే ఎరిగి, పారిశ్రామికవేత్తల సహాయంతో రహస్యంగా ఈ పథకాన్ని ప్రారంభించాడు. స్వచ్ఛందంగా వచ్చినవారిని అతిశీతల నిద్రలో ఉంచి, వాహనాలు, ఆయుధాలతో సహా భూగర్భ స్థావరాలలో దాచారు. 1989లో యుద్ధం జరుగుతుంది. ఆ తరువాత 3 నుండి 5 సంవత్సరాలలో వీరు మేల్కొని దేశ పునర్నిర్మాణానికి పూనుకోవాలి. అయితే మేల్కొలుపు సంకేతం పంపవలసిన ప్రధాన స్థావరం దెబ్బతినడం వలన 150 సంవత్సరాలు గడచిపోతాయి.

బృందాలు

పరిసరాలను పరిశీలించే రీకన్ బృందం, పోరాటం, రక్షణ బాధ్యతలు గల మార్స్ బృందం, శాస్త్రవేత్తల బృందం ముఖ్యమైనవి.

ప్రత్యేకత

ఈ ఆటలో ప్రాణాలు దక్కించుకోవడం కంటె ఇతరులను ఆదుకోవడం ప్రధాన లక్ష్యం. కాని వీరు ఆదుకోవలసిన తరం ఏనాడో గతించింది. ఎదురైన ప్రజలకు వీరెవరో తెలియదు, ఆదేశాలిచ్చే అధికారులూ లేరు. కనుక ఎవరికి, ఏ విధంగా సాయపడాలో బృందమే నిర్ణయించుకోవాలి.

ఈ ఆట నాలుగవ కూర్పు 2013లో వెలువడింది.