పీర్ పంజాల్ మజిలీలు

మజిలీ అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. కాలినడకన కాశీకి పోయే రోజుల్లో పగటి నడక ఎక్కడ ముగిస్తే అక్కడొక మజిలీ, ఆ మజిలీకి ఒక కథ. మధిర సుబ్బన్న దీక్షితులు తమ కాశీమజిలీ కథలను ఈ ఏర్పాటు మీదనే నిర్మించారు. అరబ్బీలోని ‘మంజిల్’ పారసీక, ఉర్దూ భాషల మీదుగా ప్రయాణించి తెలుగులో మజిలీగా స్థిరపడింది. భారత చరిత్రలో మజిలీలకు ప్రసిద్ధమైన దారులు అనేకం. వాటిలో లాహోరు నుండి శ్రీనగరానికి పోయే కొండదారి విలక్షణమైనది. సైన్యం కోసం మొదలైన ఈ దారి, నలభై ఏళ్లలో ఒక కుటుంబం వేసవి గడపడానికి పోయే బాటగా మారింది. ఆ మార్పు ఎలా జరిగిందో, దాని బరువు ఎవరి భుజాల మీద పడిందో తెలుసుకోవడానికి ఆ కుటుంబ పెద్ద వ్రాసుకున్న జ్ఞాపకాలే మంచి ఆధారం. ఆ గ్రంథం ‘తుజుక్-ఎ-జహంగీరీ’. ఆ పెద్ద మొగలు చక్రవర్తి జహంగీరు.

కాశ్మీరు లోయకూ పంజాబు మైదానాలకూ నడుమ పీర్ పంజాల్ పర్వతశ్రేణి కోటగోడ వలె నిలిచి ఉన్నది. భింబరు వద్ద మైదానం ముగుస్తుంది. అక్కడి నుండి నౌషేరా, రాజౌరీ, థానా, బహ్రాంగలా, పోషియానా మజిలీలు దాటి సుమారు 3,490 మీటర్ల ఎత్తున ఉన్న కనుమకు ఎక్కాలి. ఆవల అలియాబాదు, హీరాపూరు, షోపియాన్ మీదుగా లోయలోకి దిగాలి. చలికాలంలో మంచు ఈ దారిని మూసివేస్తుంది. వర్షం పడితే వాగులు దాటడం దుర్లభం. కాశ్మీరులో ఉప్పు దొరకదు కనుక ఉప్పు మూటలతో వర్తకులు ఈ కొండలను ఎక్కవలసిందే. 1586లో అక్బరు సేనలు కాశ్మీరును జయించాయి. మూడేళ్ల తరువాత, 1589లో, తాను గెలిచిన దేశాన్ని కన్నులారా చూడాలని అక్బరు బయలుదేరినాడు. దారి చదును చేయడానికి ఖాసిం ఖాను ఆధ్వర్యంలో వేలాది మంది రాళ్లు కొట్టేవారూ మట్టి త్రవ్వేవారూ ముందుగా నడిచారు.

ఆ ప్రయాణంలో జరిగిన ఒక ఘటనను అబుల్ ఫజల్ ‘అక్బర్‌నామా’లో వ్రాసి ఉంచాడు. అంతఃపుర స్త్రీలను ప్రధాన శిబిరంతో వెనుక దిగవిడిచి అక్బరు కొందరితో ముందుకు సాగినాడు. కొంత దూరం పోయిన పిమ్మట స్త్రీలను తోడ్కొని రమ్మని పెద్ద కుమారుడు సలీమును వెనక్కు పంపినాడు. సలీముకు అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు. వానా మంచూ చూసి, ఈ దారిన ఆడవారిని తీసుకురావడం సాధ్యం కాదని నిర్ణయించి అతడు ఒంటరిగా తిరిగి వచ్చాడు. అక్బరుకు పట్టరాని కోపం వచ్చింది. వారిని వెంటబెట్టుకొని రావడానికి తానే గుర్రమెక్కి బయలుదేరినాడు. తండ్రి ముందు తలవంచుకొని నిలబడిన ఆ రాకుమారుడే 1605లో జహంగీరు పేరుతో సింహాసనం ఎక్కాడు. ఆడవారు దాటలేరని తాను తేల్చిన కొండలను అదే కుటుంబం ఆబాలగోపాలంగా దాటేటట్లు చేయడం అతని జీవితంలో ఒక పెద్ద పని అయినది.

ఆ పని 1619 శరదృతువులో ఆరంభమైనది. జహంగీరు ఆగ్రా విడిచి ఉత్తరానికి పయనమైనాడు. భార్య నూర్జహాను, కుమారుడు ఖుర్రం, మనుమలు, అసంఖ్యాకమైన పరివారం వెంట ఉన్నారు. మనుమలలో ఖుర్రం రెండవ కొడుకు షా షుజా తాతకు ప్రాణం. ఆ పసివాడు ఒకప్పుడు జబ్బుపడినప్పుడు, వాడు కోలుకుంటే ఇక తన చేతితో ఏ ప్రాణికీ హాని చేయనని జహంగీరు మొక్కుకున్నాడు. పిల్లవాడు కోలుకున్నాడు. వేటనే వ్యసనంగా బ్రతికిన చక్రవర్తి తుపాకి పక్కన పెట్టాడు. మథుర ప్రాంతానికి రాగానే, పులి ఒకటి తమను పీడిస్తున్నదని గ్రామస్థులు మొరపెట్టుకున్నారు. మొక్కు చెల్లించవలసిన జహంగీరు ఆ పని నూర్జహానుకు అప్పగించాడు. పులి వాసనకు ఏనుగు నిలకడ కోల్పోయి కదులుతుండగా అంబారీలో నుండి గురిపెట్టడం కష్టమని అతడే వ్రాశాడు. ఆమె ఒక్క గుండుతో పులిని పడగొట్టింది. గ్రంథంలో ఈ సందర్భాన భార్యను గూర్చిన గర్వం దాగదు.

పీర్ పంజాల్ కనుమ మంచుతో మూసుకొని ఉన్నందున ఈసారి హసన్ అబ్దాల్, పఖ్లీల మీదుగా వితస్తా నది వెంబడి బారాముల్లాకు పోయే దారి పట్టారు. దారి ఇరుకు. గుంపంతా ఒక్కసారిగా నడిస్తే తిండికీ తోవకూ ఇబ్బంది అని తలచి, తన వెంట కొద్దిమందే రావాలనీ మిగిలినవారు విడతలుగా రావాలనీ చక్రవర్తి ఆజ్ఞ చేశాడు. ఆజ్ఞ మంచిదే. కాని ఒకచోట వానా మంచూ కలిసి విరుచుకుపడేసరికి చక్రవర్తికే తలదాచుకునే చోటు లేకపోయింది. ఆస్థాన చరిత్రకారుడు ముతమిద్ ఖాను గుడారం ఆ దగ్గరనే ఉండగా, జహంగీరు అంతఃపుర స్త్రీలతో సహా అందులోకి పోయి ఆశ్రయం పొందాడు. ఢిల్లీశ్వరుడు తన సేవకుని డేరాలో తలదాచుకున్న ఆ రోజును ముతమిద్ ఖాను తన చరిత్రలో తన అదృష్టంగా వర్ణించుకున్నాడు.

ఆ ప్రయాణంలో అందరికీ అదృష్టం కలిసిరాలేదు. మీర్జా రుస్తుం కుమారుడు సుహ్రాబ్ ఖాను నదిలో ఈదాలని దిగి వడిలో కొట్టుకుపోయాడు. చల్లని నీరు, ఉరవడి ఎక్కువ, దిగవద్దని దగ్గరివారు వారించినా ఆ యువకుడు వినలేదు. కన్నవారి శోకాన్ని జహంగీరు జాలితో వ్రాశాడు. ఐదు నెలలకు పైబడిన ప్రయాణం తరువాత, 1620 మార్చిలో, పారసీక నూతన సంవత్సర వేళకు రాజకుటుంబం శ్రీనగరం చేరింది.

శ్రీనగరంలోనూ ఒకనాడు శోకం వాకిట వరకూ వచ్చి వెనుదిరిగింది. నాలుగేళ్ల షుజా ఆడుకుంటూ మేడ కిటికీలో నుండి తలక్రిందులుగా పడ్డాడు. గోడ వారగా మడిచిపెట్టిన ముతక తివాచీ ఒకటి ఉన్నది. దాని ప్రక్కన తివాచీలు పరిచే ఫరాషు ఒకడు కూర్చొని ఉన్నాడు. పిల్లవాని తల తివాచీ మీదా, కాళ్లు ఫరాషు వీపు మీదా పడ్డాయి. బిడ్డ బ్రతికాడు. జహంగీరు పరుగున పోయి మనుమణ్ణి గుండెకు హత్తుకున్నాడు. దానధర్మాలు చేశాడు. పిల్లవానికి గండం ఉన్నదని ముందే చెప్పిన జ్యోతిష్కుని పేరును తన గ్రంథంలో ఎక్కించాడు. వీపు ఒడ్డిన ఫరాషు పేరు మాత్రం చరిత్ర పాఠకుల నోట నిలువలేదు.

ఆ వేసవిలో జహంగీరు చూసినంత తరచి కాశ్మీరును చూసిన పాలకులు అరుదు. పచ్చిక బయళ్లలోకి గుర్రం మీద పోయి పూలను పరిశీలించాడు. ‘యుగాశ్చర్యం’ అనే బిరుదు పొందిన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూరు చిత్రించిన కాశ్మీరు పూలు నూటికి పైబడ్డాయని వ్రాశాడు. సెలయేటిలో మునిగి తేలుతున్న ఒక చిన్న పక్షిని చూసి, పట్టించి, దాని రూపును చిత్రింపజేశాడు. వితస్తా నదికి మూలమైన వేరినాగ్ ఊట చుట్టూ అష్టకోణపు రాతి కొలను 1620లో రూపొందింది. దాల్ సరస్సు ఒడ్డున ఖుర్రం పర్యవేక్షణలో షాలిమారు తోటకు నీటి కాలువలు పారినవి. విహారానికి వచ్చిన కుటుంబం వృక్షశాస్త్రానికీ, పక్షిశాస్త్రానికీ, చిత్రకళకూ, ఉద్యాన కళకూ ఏకకాలంలో సేవ చేసినదనడంలో అతిశయోక్తి లేదు.

అయితే అదే గ్రంథంలో మరొక పుట ఉన్నది. శరదృతువులో కుంకుమపువ్వు విరబూసే వేళకు జహంగీరు పాంపూరు పొలాలకు వెళ్లాడు. కనుచూపు మేర ఊదారంగు పూలు. ఆ ఘాటైన పరిమళానికి వెంట వచ్చినవారికి తలనొప్పి పట్టుకున్నది. మరి పొద్దస్తమానమూ ఈ పూలు కోసేవారి సంగతి ఏమిటని అతడు కూలీలను అడిగించాడు. తలనొప్పి అంటే ఏమిటో తాము పుట్టి ఎరుగమని వారు చెప్పారట. జహంగీరు దీనిని ఒక వింతగా వ్రాసుకున్నాడు. కోసిన పూల బరువులో సగం బరువు ఉప్పును కూలిగా ఇవ్వడం అక్కడి ఆచారమని కూడా అతడే తెలిపాడు. ఉప్పు కొండలు దాటి రావాలి కనుక అది అక్కడ ధనంతో సమానం. లోకంలోకెల్ల విలువైన సుగంధద్రవ్యాన్ని కోసేవారికి కూలి ఉప్పు. పాలకుడు ఈ రెండు సంగతులనూ దాచకుండా వ్రాయడం వల్లనే ఈనాటి పాఠకునికి ఆ కూలీల ముఖాలు లీలగానైనా కనిపిస్తున్నాయి.

తిరుగు ప్రయాణానికి పీర్ పంజాల్ దారినే ఎంచుకున్నారు. అయితే ఈ మారు ముందే ఏర్పాటు జరిగింది. చలిలో గుడారాలు చాలవు కనుక కాశ్మీరు మొదలు కొండలు ముగిసే వరకు ప్రతి మజిలీలోనూ తనకూ అంతఃపుర స్త్రీలకూ ఇండ్లు కట్టించాలని జహంగీరు ఆజ్ఞాపించాడు. 1589లో తాను అసాధ్యమని చెప్పిన దానికి ముప్పై ఏళ్ల తరువాత అతడిచ్చిన సమాధానం ఇది. దారిని గెలవడానికి అక్బరు రాళ్లు కొట్టేవారిని పంపినాడు. దారిలో ఆడవారూ పిల్లలూ ఒక రాత్రి నిశ్చింతగా నిద్రపోవడానికి జహంగీరు గోడలూ కప్పులూ వేయించాడు. సైనికమార్గం గృహస్థుల మార్గమైనది ఇక్కడనే.

కుటుంబం మాత్రం చెక్కుచెదరకుండా నిలువలేదు. 1622 తరువాత ఖుర్రం తండ్రి మీద తిరుగుబాటు చేశాడు. తరుముకొస్తున్న సేనలను తప్పించుకుంటూ భార్యాబిడ్డలతో 1623లో గోల్కొండ రాజ్యంలో ప్రవేశించి, మచిలీపట్నం మీదుగా ఒరిస్సా వైపు సాగిపోయాడు. షాలిమారులో కాలువలు త్రవ్వించిన రాకుమారుడు కృష్ణాతీరంలో శరణార్థి వలె నడవవలసి వచ్చింది. తండ్రి విధేయతకు హామీగా దారా షుకో, ఔరంగజేబులు 1626లో తాత ఆస్థానానికి పంపబడ్డారు. కొడుకు ఎదురుతిరిగిన దుఃఖంలో జహంగీరు మొక్కును మరచి మళ్లీ తుపాకి అందుకున్నాడు.

1627లో ఉబ్బసంతో బాధపడుతూ కాశ్మీరు గాలికోసం అతడు చివరిసారి కొండలెక్కాడు. గుణం కనిపించలేదు. శరత్కాలంలో తిరిగి వస్తూ బహ్రాంగలా మజిలీలో వేటకు కూర్చున్నాడు. గాయపడిన జింకను పట్టడానికి పోయిన ఒక కాలిబంటు కొండచరియ మీద కాలుజారి లోయలో పడి చనిపోయాడు. ముతమిద్ ఖాను కథనం ప్రకారం చక్రవర్తి ఆ దృశ్యానికి చలించిపోయాడు. మృతుని తల్లిని పిలిపించి ఓదార్చి ధనమిచ్చాడు. అయినా మనసు కుదుటపడలేదు. మృత్యుదేవత తనకే కనిపించినట్లు నాటి నుండి కలతపడ్డాడు. కొద్ది రోజులకే, 1627 అక్టోబరు 28న, లాహోరు చేరకముందే దారిలోనే కన్నుమూశాడు. భౌతికకాయాన్ని లాహోరు దగ్గరి షాదరాలో సమాధి చేశారు. రాజౌరీ దగ్గరి చింగస్ సరాయిలో అతని ప్రేగులను పూడ్చిపెట్టారన్నది స్థానికంగా వస్తున్న ఐతిహ్యం.

దారి అతనితో ఆగలేదు. 1660ల దశకంలో ఔరంగజేబు కాశ్మీరు యాత్ర చేసినప్పుడు వెంట ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఈ కొండల్లో వేలకొద్దీ కూలీలు సామాను వీపున మోసిన సంగతి వ్రాశాడు. పీర్ పంజాల్ ఎక్కుడులో ఒక ఏనుగు బెదిరి వెనక్కు అడుగు వేయగా, వెనుక వరుసగా వస్తున్న ఏనుగులు అంతఃపుర స్త్రీల అంబారీలతో సహా లోయలోకి దొర్లాయి. కొందరు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు. ఎన్ని సరాయిలు కట్టినా కొండ తన స్వభావాన్ని విడువలేదు.

బఫ్లియాజ్ నుండి షోపియాన్ వరకు ఈనాడు ఈ దారిన మోటారు వాహనాలు నడుస్తున్నాయి. దానికి మొగల్ రోడ్ అనే పేరు స్థిరపడింది. చలికాలంలో మంచు దానిని నేటికీ మూసివేస్తుంది. వేసవిలో పిల్లాపాపలతో పోయే కుటుంబాలు పీర్ కీ గలీ వద్ద ఆగి చుట్టూ ఉన్న కొండలను చూస్తాయి. అలియాబాదు సరాయి రాతి గోడలు ఆ సమీపంలోనే ఉన్నాయి. దారికి మొగలుల పేరు దక్కడం సహజమే. కాని ఆ దారి చరిత్రలో రాళ్లు కొట్టినవారు, బరువులు మోసినవారు, వీపు ఒడ్డి బిడ్డను కాపాడిన ఫరాషు, లోయలో పడిన కాలిబంటు, అతని తల్లి కూడా ఉన్నారు. ఒక తాత తన మనుమని కోసం మొక్కిన మొక్కుతో మొదలైన యాత్రలు, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లిని ఓదార్చడంతో ముగిశాయి. ఆ రెండు మజిలీల నడుమ ఉన్నదే పీర్ పంజాల్ దారి కథ.