దాఖలాగా పుస్తకం: పాలకీడు–మునగాల ప్రాంతంలో సామాన్య పాఠకుడు, కాల్పనికేతర గ్రంథం

వ్యాససంగ్రహం: తెలంగాణ గ్రంథాలయోద్యమ చరిత్ర ఇంతవరకు ఎక్కువగా స్థాపకుల చరిత్రగా, ప్రచురణ సంస్థల చరిత్రగా వెలువడింది. పుస్తకం కొన్నవాడు, అరువు తెచ్చుకున్నవాడు, పక్కన కూర్చొని విన్నవాడు అందులో చాలా అరుదుగా కనిపిస్తారు. కృష్ణానది ఉత్తరపు ఒడ్డున ఉన్న పాలకీడు, మునగాల, సూర్యాపేట ప్రాంతాలను ఆధారంగా చేసుకొని, కాల్పనికేతర గ్రంథానికి సామాన్య పాఠకుడు ఏ ప్రమాణంతో విలువకట్టాడో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: కాల్పనికేతర రచన, గ్రంథాలయోద్యమం, విజ్ఞానచంద్రికా మండలి, ఆంధ్ర జనసంఘం, సురవరం ప్రతాపరెడ్డి, పాఠకుడు.

ప్రదేశం, ప్రశ్న

పాలకీడు 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నేరేడుచర్ల నుంచి విడివడి సూర్యాపేట జిల్లాలో మండలమైంది. జాన్‌పహాడ్ దర్గా వల్ల ఆ పేరు చుట్టుపక్కల జిల్లాల వారికీ పరిచితం. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు వచ్చాక వరిపొలాల ప్రాంతంగా మారింది. ఈ వ్యాసానికి అవసరమైన అంశం మాత్రం వేరొకటి. నిజాం పాలనలో ఇది ఒక అంచు. కృష్ణకు అవతలి ఒడ్డు మద్రాసు రాజధానిలోని పల్నాడు. ఇవతలి ఒడ్డున, కోదాడ దారిలో ఉన్న మునగాల పరగణా నాలుగువైపులా నిజాం భూమి ఉన్నా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందిన ద్వీపం. ఒకే యాస మాట్లాడే జనం రెండు ప్రభుత్వాల కింద, రెండు కచేరీ భాషల కింద బతికారు. 1880ల నుంచి హైదరాబాద్ రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధనాభాష కూడా ఉర్దూయే. తన పొలం వివరాలు రాసి ఉన్న పహాణీని తాను చదువుకోలేని రైతుకు తెలుగులో అచ్చయిన పుస్తకం ఏ విధంగా విలువైనది?

ఈ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే పాఠకుల ఉత్తరాల భాండారం మనకు లేదు. కాబట్టి పుస్తకాల స్వరూపం నుంచే పాఠకుణ్ణి ఊహించవలసి ఉంటుంది. పుస్తకం వెల, పరిమాణం, భాష, అది చేతులు మారిన తీరు, దానితో జనం చేసిన పని, ఇవే ఆధారాలు. 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో అక్షరాస్యత పదోవంతుకు చేరలేదు. అంటే పుస్తకం ఒకరు చదివితే పదిమంది వినేది. ‘పాఠకుడు’ అనే మాటను ఈ వ్యాసంలో ఆ శ్రోతలను కూడా కలుపుకొనే వాడుతున్నాను.

పెద్దబాలశిక్ష పెట్టిన ప్రమాణం

గ్రంథాలయాలు రాకముందు తెలుగు ఇంట్లో కాల్పనికేతర పుస్తకం లేదనడం పొరపాటు. పంచాంగం ఉంది, పెద్దబాలశిక్ష ఉంది. పూదూరు సీతారామశాస్త్రి 1832లో కూర్చిన బాలశిక్ష నుంచి పెరిగి పెద్దదైన ఈ పుస్తకంలో అక్షరాలు, నీతులు, తిథులు, నక్షత్రాలు, సంవత్సరాల పేర్లు, కొలతలు, లెక్కలు ఒకే అట్ట కింద ఉండేవి. సాహిత్య చరిత్రకారులు దీనిని బడిపుస్తకంగా చూసి దాటిపోయారు. బడి మానేసిన తరువాత కూడా అది ఇంట్లో ఎందుకు నిలిచిందన్నది ఆలోచించవలసిన విషయం. మానికలు, కుంచాలు, వీసాల లెక్క తెలిసినవాణ్ణి కళ్లం దగ్గర కొలతలో మోసగించడం కష్టం. వివాదం వచ్చినప్పుడు ‘ఇదిగో, పుస్తకంలో ఉంది’ అని చూపడానికి ఒక అచ్చుకాగితం ఉండటమే దాని విలువ.

తెలంగాణ వ్యవహారంలో దీనికి చక్కని మాట ఉంది: దాఖలా. అరబీ, ఫారసీల మీదుగా కచేరీలోకి వచ్చి రైతు నోట పడిన మాట ఇది. ఆ ప్రాంతపు సామాన్య పాఠకుడు కాల్పనికేతర గ్రంథానికి దాఖలాగా విలువకట్టాడన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. విషయం చరిత్రైనా, వైద్యమైనా, పన్నుల చట్టమైనా అతని ప్రమాణం ఒక్కటే. ఎదుటివాడి ముందు ఈ పుస్తకం నిలబడుతుందా?

మునగాల రాజా, మునగాల రైతు

1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1906లో అక్కడే విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు వీటి వెనుక ఉన్న ముఖ్యులు. లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసినవాడు. కనుక తెలుగులో ఆధునిక శాస్త్రగ్రంథ ప్రచురణకు వేరు హైదరాబాద్‌లో ఎంత ఉందో మునగాలలోనూ అంతే ఉంది.

మండలి మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర (1907). ఆ తరువాత లక్ష్మణరావు హిందూ మహాయుగము, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం (1910), జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం వంటి విషయాల మీద పుస్తకాలు వెలువడ్డాయి. చారిత్రక నవలలు కూడా వేశారు. మండలి పేరిట పరీక్షలు పెట్టి బహుమతులిచ్చారు. లక్ష్మణరావు దృష్టి స్పష్టమైనది. ఇంగ్లీషు రాని తెలుగువాడికి లోకంలోని శాస్త్రాలన్నీ క్రమబద్ధంగా అందాలి. ఆ సంకల్పమే తరువాత ఆంధ్రవిజ్ఞాన సర్వస్వంగా రూపుకట్టింది. ప్రచురణకర్త కోరింది క్రమం. పాఠకుడు ఆ క్రమంలో చదివాడని అనుకోవడానికి మాత్రం కారణం కనిపించదు. చందా పాఠకులతో పాటు నవలలూ పరీక్షలూ అవసరమయ్యాయంటే, శాస్త్రక్రమం ఒక్కటే పుస్తకాన్ని నడిపించలేదన్నమాట.

లింకన్ సంగతి వేరు. వేలమైళ్ల దూరంలోని ఒక అధ్యక్షుడి జీవితం తెలుగు పాఠకుడికి ఎందుకు? సాధారణంగా దేశభక్తి ప్రబోధమని చెప్పి సరిపెడతారు. అది చదువుకున్న వర్గం వివరణ. ఆ పుస్తకంలోని ప్రధాన వృత్తాంతం బానిసత్వ నిర్మూలన. వెట్టి ‘ఎప్పటినుంచో ఉన్నది, ఎప్పటికీ ఉండేది’ అని చెప్పే చోట, మనిషిని మనిషి ఊరకే వాడుకునే ఏర్పాటు ఒక దేశంలో చట్టంతో రద్దయిందని తెలుగులో అచ్చయి ఉండటం చిన్న విషయం కాదు.

ఈ కథలో ఒక వైరుద్ధ్యాన్ని మన గ్రంథాలయోద్యమ వ్యాసాలు మర్యాదకోసం కాబోలు దాటవేస్తాయి. విజ్ఞానగ్రంథాలకు పోషకుడైన ఆ జమీందారు పరగణాలోనే 1930లలో రైతులు వెట్టికీ అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా తిరగబడ్డారు. పోషకుడి దాతృత్వం నిజం, రైతుల ఫిర్యాదూ నిజం. జ్ఞానం పంచినవాడు ఆ జ్ఞానాన్ని జనం ఎక్కడ వాడాలో నిర్ణయించలేకపోయాడు. పుస్తకం దాఖలా అయినప్పుడు అది ఎవరిపైనైనా పనిచేస్తుంది.

అణా పుస్తకం, చిన్న పుస్తకం

దాఖలా విలువ అన్నిటికంటె స్పష్టంగా కనిపించేది 1921లో ఏర్పడిన నిజాం రాష్ట్రాంధ్ర జనసంఘం వెలువరించిన చిన్న పుస్తకాలలో. వర్తక స్వాతంత్ర్యం, మోతర్ఫా వంటి అంశాల మీద ఈ సంఘం పుస్తికలు వేసింది. మాడపాటి హనుమంతరావు తెలంగాణా ఆంధ్రోద్యమములో సంఘం ఈ తొలినాటి పనులను వివరించాడు. వీటిని సాహిత్యమని ఎవరూ అనరు. రచనాశైలి చర్చకు ఇవి నిలవవు. పర్యటనకు వచ్చిన అధికారికి సరుకులు అడిగిన ధరకు ఇవ్వవలసిన కోమటికి, వృత్తిపన్ను కట్టే చేతిపనివాడికి ఇవి తెలుగులో చెప్పిన సంగతి ఒక్కటే: ఏది ప్రభుత్వం అడగవలసినది, ఏది ఊరి అధికారి తనంతట తాను అడుగుతున్నది. ఆ గీత ఎక్కడుందో ఉర్దూ గష్తీలో ఉండేది. గష్తీ కచేరీలో ఉండేది. దానిని అంగడి మీదికి తెచ్చినది పుస్తిక.

ఇక్కడ పరిమాణం ముఖ్యం. అంగీ జేబులో పట్టే పుస్తకాన్ని అధికారి ఎదుట తీయవచ్చు. మహాగ్రంథాన్ని తీయలేము. 1930ల చివర హైదరాబాద్‌లో వచ్చిన అణా గ్రంథమాల తన పేరులోనే వెలను పెట్టుకుంది. చవక అన్నది దయ కాదు, ప్రచురణకర్త పాఠకుడి జేబును కొలిచి పెట్టిన లెక్క.

1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి ఉదాహరణ మరింత విశేషమైనది. ఆయన నల్లగొండ జిల్లా మాధవరం వాడు. వంటపని, హోటలు పని చేసి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. ముప్పైకి పైగా పుస్తకాలు ప్రచురించి, వాటిని తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ప్రచురణకర్తే అమ్మకందారు అయినప్పుడు పాఠకుడి తీర్పు నేరుగా అతని చెవిన పడుతుంది. ‘ఇందులో ఏముంది?’ అని అరుగుమీది మనిషి అడిగిన ప్రశ్నకు రెండుమాటల్లో జవాబు చెప్పలేని పుస్తకం తిరిగి మూటలోకే పోతుంది. కనుక ఆళ్వారుస్వామి ప్రచురణల పట్టికను ఒక వ్యక్తి అభిరుచిగా కాక, ఆ అరుగుల మీద జరిగిన బేరాల ఫలితంగా కూడా చదవవచ్చు. గ్రంథాలయ చరిత్ర పరిశోధకులు ఈ దిశలో ఇంకా చేయవలసిన పని చాలా ఉంది.

‘క్రీడావిశేషం’ అని వదిలేయని చరిత్ర

సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడింది. తెలుగులో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం మొదటిసారి, 1955లో, దీనికే లభించింది. కవిత్వానికో నవలకో కాక కాల్పనికేతర గ్రంథానికి ఆ గౌరవం దక్కడం మన వాఙ్మయ చరిత్రలో తగినంతగా చర్చకు రాలేదు.

ఈ గ్రంథాన్ని పండితులు మెచ్చిన కారణం తెలిసినదే. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యాలను సాంఘిక చరిత్రకు ఆకరాలుగా వాడటం అపూర్వమైన పద్ధతి. సామాన్య పాఠకుడు మెచ్చడానికి కారణం మరొకటి. పంటలు, తిండి, బట్టలు, నగలు, ఆటలు, జూదాలు, శకునాలు, ఊరి ఉద్యోగులు, తన ఇంట్లో ఉన్న వస్తువులన్నీ అందులో ఉన్నాయి. నిఘంటుకర్తలు ‘క్రీడావిశేషము’ అని రాసి చేతులు దులుపుకొన్న చోట సురవరం ఆ ఆట ఎలా ఆడతారో చెప్పడానికి ప్రయత్నించాడు. అందుకు పాలమూరు జిల్లా పల్లెల్లో తాను విన్న మాటలను సాక్ష్యంగా తెచ్చాడు. కోస్తా పండితుడికి తెలియక ‘గ్రామ్యం’ అనిపించిన మాట ఏడెనిమిది వందల ఏళ్లనాటి కావ్యంలో ఉందని చూపితే, ఆ మాట మాట్లాడే పాలకీడు రైతుకు అది దాఖలాయే. ‘తెలంగాణలో కవులు లేరు’ అన్న వ్యాఖ్యకు సమాధానంగా గోలకొండ కవుల సంచిక (1934) కూర్చినవాడి చేతి నుంచే ఈ చరిత్ర వచ్చింది. రెండింటిలోనూ పని ఒకటే, లేదన్నదానిని ఉన్నదని కాగితం మీద చూపడం.

ఆధారం చెప్పడం కేవలం పరిశోధక మర్యాద అని మనం విద్యార్థులకు బోధిస్తాం. సురవరం పాఠకుడికి అది అంతకంటె ఎక్కువ. ఏ కావ్యం, ఏ కాలం అని చెప్పకపోతే ఆ పుస్తకం వాదనలో నిలబడదు.

కచేరీ నుంచి ఆసుపత్రికి

రాచరికం పోయి కచేరీ భాష మారిన తరువాత కూడా ఈ ప్రమాణం పోలేదు. 1980లో ఏర్పడిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన వైద్యుడు లేని చోట ఇందుకు నిదర్శనం. మెక్సికో కొండపల్లెల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ మొదట స్పానిష్‌లో రాసిన ఈ పుస్తకం లోకంలోని అనేక భాషల్లోకి వెళ్లింది. ఏ జబ్బుకు ఏమి చేయాలో చెప్పినంత శ్రద్ధగా ఏ మందు ఎప్పుడు వాడకూడదో, ఇంజెక్షన్ ఎప్పుడు అనవసరమో, ఎప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలో కూడా అది చెబుతుంది. ఊళ్లో సూదిమందుకు డబ్బు అడిగే వ్యక్తి ఎదుట రోగి తల్లికి ఇది మరొక వర్తక స్వాతంత్ర్యం.

అదే కాలంలో స్త్రీశక్తి సంఘటన కూర్చిన మనకు తెలియని మన చరిత్ర (1986) సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను వాళ్ల నోటిమాటగానే అచ్చువేసింది. సూర్యాపేట ప్రాంతపు మల్లు స్వరాజ్యం గొంతు అందులో ఉంది. నాయకుల స్వీయచరిత్రలలో ఒకటి రెండు వాక్యాలుగా మిగిలిన స్త్రీలకు అది ఆలస్యంగా దొరికిన పహాణీ నకలు వంటిది.

పరీక్షార్థి అనే పాఠకుడు

ఇవాళ ఈ ప్రాంతపు గ్రంథాలయాల పఠనమందిరాల్లో కాల్పనికేతర పుస్తకం చేతపట్టి కనిపించేవారిలో ఎక్కువమంది ఉద్యోగపరీక్షలకు చదివేవారే. గ్రూప్స్ పరీక్షల పాఠ్యప్రణాళికలో తెలంగాణ చరిత్ర, సంస్కృతి, రాష్ట్రావతరణ ఉద్యమం ఉండటంతో ఆంధ్ర జనసంఘం, ఆంధ్రమహాసభ, సురవరం పేర్లు రైతుబిడ్డలకు కంఠస్థమయ్యాయి. వీరిని ‘నిజమైన పాఠకులు కారు’ అని కళాశాలల్లో మనం తేలికగా అంటాం. విజ్ఞానచంద్రికా మండలి వంద ఏళ్లకు పైగా క్రితమే పరీక్షలు పెట్టి పాఠకులను పిలిచిన సంగతి గుర్తుంటే ఆ మాట అనడానికి నోరు రాదు. ఉద్యోగం కోసం చదివేవాడూ పుస్తకాన్ని దాఖలాగానే చూస్తున్నాడు. ‘కీ’లో జవాబు తప్పని అభ్యంతరం పెట్టవలసి వస్తే అతనికి కావలసింది పుస్తకం పేరు, ముద్రణ, పుట.

సరిగ్గా అక్కడే ఇప్పటి గైడు అతన్ని వదిలేస్తోంది. చాలా గైడ్లలో సంవత్సరం ఉంటుంది, పేరు ఉంటుంది, అది ఎక్కడినుంచి వచ్చిందో ఉండదు. జనసంఘం 1921లో ఏర్పడిందన్న వాక్యం ఉంటుంది. ఆ సంఘం మోతర్ఫా మీద పుస్తిక ఎందుకు వేసిందో, మోతర్ఫా ఎవరు కట్టేవారో ఉండదు. తన తాత కట్టిన పన్ను పేరును నాలుగు ఐచ్ఛికాల్లో ఒకటిగా గుర్తుపట్టి వలయం నింపే ఈ పాఠకుడికి, మాడపాటి పుస్తకం అదే గ్రంథాలయంలో ఏ బీరువాలో ఉందో చెప్పవలసిన పని తెలుగు అధ్యాపకులది.