పోషకాహార పాఠం ఎక్కడ దొరుకుతుంది? అనంతపురం వాడల కోసం ఒక కరదీపిక

అంగన్‌వాడీ గోడ మీద ఒక పోస్టర్ ఉంటుంది. అందులో ఆపిల్, పాల గ్లాసు, క్యారెట్ బొమ్మలు. దాని కింద కూర్చున్న తల్లి ఇంట్లో సంగటి, ఊరిబిండి, ఎప్పుడైనా పండక్కి మాంసం. సదస్సు ముగిసేసరికి ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే: బిడ్డ బలహీనంగా ఉండటానికి తన అజ్ఞానమే కారణమట.

ఈ పాఠాన్ని మేము ఒప్పుకోం. వాడలో పనికొచ్చే పోషకాహార సమాచారం రెండు పనులు చేయాలి. మన తిండిని తిండిగా గుర్తించాలి. మనకు చట్టప్రకారం రావలసిన తిండిని అడగడం నేర్పాలి. ఈ రెండింటికీ పనికొచ్చే ఆధారాలను కార్యకర్తలు, విద్యార్థుల కోసం ఇక్కడ ఒకచోట చేర్చాం.

లెక్కలు: ఏం చెబుతాయి, ఏం దాస్తాయి

మొదట చూడాల్సింది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019–21లో జరిగిన ఐదో సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మందికి వయసుకు తగిన ఎత్తు లేదు. 6 నుంచి 59 నెలల పిల్లల్లో 63.2 శాతం, 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

జిల్లా ఫ్యాక్ట్‌షీట్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ వాటిలో కులాల వారీ లెక్క ఉండదు. జాతీయ నివేదికలో ఉంటుంది: ఎదుగుదల లోపం దేశ సగటు 35.5 శాతమైతే, ఎస్సీ పిల్లల్లో అది సుమారు 39 శాతం. మన వాడ పరిస్థితి జిల్లా సగటులో కలిసిపోయి కనబడకుండా పోతుంది. పరిశోధక విద్యార్థులు పేరు నమోదు చేసుకుంటే సర్వే మూల డేటా కూడా తీసుకోవచ్చు. ఒక జాగ్రత్త: ఆ సర్వే 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనకు ముందుది. అందులోని ‘అనంతపురం’ అంటే నేటి శ్రీ సత్యసాయి జిల్లా కూడా కలిసినదే.

మన తిండి పట్టిక

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సంస్థ 2017లో వెలువరించిన ‘భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక’లో 528 పదార్థాల వివరాలున్నాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో 8 కూడా లేదు. మునగాకులో 300 దాటుతుంది. ఉలవల్లో 21 గ్రాములకు పైగా, వేరుశనగలో 23 గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంది. పశుమాంసం, పంది మాంసం విలువలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. పోస్టర్లలో మాత్రం కనబడవు. అదే సంస్థ 2024లో సవరించిన ఆహార మార్గదర్శకాలు కూడా చదవదగినవి.

రాగి, కొర్ర, సద్ద పండిన చేలలోకి వేరుశనగ వచ్చింది. ఇళ్లలోకి రేషన్ బియ్యం వచ్చాయి. భూమి లేని ఇంట్లో ఏం వండాలో ఆ తల్లి ఒక్కతే నిర్ణయించలేదు. చిరుధాన్యాల సాగు, అమ్మకం గురించి తెలుసుకోవాలంటే చెన్నేకొత్తపల్లి దగ్గర పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ అనుభవం చూడాలి. దళితుల వంటను నమోదు చేయడం ఎలాగో తెలియాలంటే షాహు పటోలే మరాఠ్వాడా మీద రాసిన ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ చూడాలి. 2024లో దాని ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అనంతపురం వాడల వంట మీద అలాంటి పని మన విద్యార్థులు చేయాలి.

హక్కుల పట్టిక

జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013 ప్రతి కార్యకర్త దగ్గరా ఉండాలి. సెక్షన్ 4 గర్భిణులు, బాలింతల గురించి. సెక్షన్ 5 పిల్లల గురించి. సెక్షన్ 6 పోషకాహార లోపమున్న పిల్లల గురించి. ఎన్ని కేలరీలు, ఎంత ప్రోటీన్ ఇవ్వాలో రెండో షెడ్యూల్ చెబుతుంది. దాన్ని 2023లో సవరించారు కాబట్టి కొత్త ప్రతినే వాడాలి. ఫిర్యాదును జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు ఇవ్వాలి. సెక్షన్ 28 సామాజిక తనిఖీకి దారి చూపుతుంది.

ఈ చట్టానికి ముందు 2001లో పీయూసీఎల్ వేసిన కేసు ఉంది. అందులో సుప్రీంకోర్టు ఇచ్చిన మూడు ఆదేశాలు మనకు ముఖ్యం. మధ్యాహ్న భోజన వంటవాళ్ల నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో చెప్పింది. ఎస్సీ, ఎస్టీ వాడలన్నిటిలో వీలైనంత త్వరగా అంగన్‌వాడీ పెట్టాలని 2004 అక్టోబరులో చెప్పింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, అడిగిన మూడు నెలల్లో పెట్టాలని 2006 డిసెంబరులో చెప్పింది. ఆదేశాల అమలును చూడటానికి కోర్టు నియమించిన కమిషనర్లలో మన ఎస్.ఆర్. శంకరన్ ఒకరు.

ఇవెందుకు అవసరమయ్యాయో తెలియాలంటే సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ 2005లో రాసిన వ్యాసం చదవాలి. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల్లో 531 గ్రామాలను చూసి, భోజనం దగ్గరా రేషన్ షాపు దగ్గరా జరిగే వివక్షను ఆ అధ్యయనం నమోదు చేసింది. కేంద్రం ఏ వీధిలో ఉంది, వంట ఎవరు చేస్తున్నారు, ఎవరిని ఎక్కడ కూర్చోబెడుతున్నారు అనేవి కూడా పోషకాహార ప్రశ్నలే. దళితులను ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి, బడిలోకి రానివ్వకపోవడం అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణ ప్రకారం నేరం.

చేతిలో ఉండాల్సిన కొలతలు

తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల చార్టు ఉంటుంది. గీతలు గీసి ఉన్నాయా, ఖాళీగా ఉందా చూడండి. 6–59 నెలల బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే తీవ్ర పోషకాహార లోపం. 11.5 నుంచి 12.5 మధ్య ఉంటే మధ్యస్థ లోపం. రెండు పాదాలూ వాచినా ప్రమాదమే. తీవ్ర లోపమున్న బిడ్డను వెంటనే ఏఎన్ఎం ద్వారా ఆరోగ్య కేంద్రానికి, అక్కడి నుంచి పోషకాహార పునరావాస కేంద్రానికి పంపించాలి. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. 180 రోజులు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇవ్వాలన్నది ప్రభుత్వ నియమమే.

జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. నీళ్లను పరీక్ష చేయించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వేరే తాగునీరు అడగాలి. వలస వెళ్లే కుటుంబాల రేషన్ కార్డు ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుందని బయల్దేరేముందే చెప్పాలి.

ఒక సాయంత్రం పని

వాడలో పదిమంది తల్లులను కూర్చోబెట్టండి. వాళ్లు నిన్న ఏం తిన్నారో అడిగి రాయండి. పోషక విలువల పట్టికలో ఆ తిండి ఎక్కడుందో చూపించండి. పిల్లల కార్డులు తెరవండి. తర్వాత అంగన్‌వాడీ మెనూలో రాసింది, అందింది పక్కపక్కనే రాయండి. తేడా ఉంటే తేదీలతో ఫిర్యాదు రాసి, సంతకాలు పెట్టించి, రసీదు తీసుకోండి. స్టాకు, హాజరు రిజిస్టర్ల నకళ్లు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ కాగితాలతో మళ్లీ అదే వాడకు వెళ్లి, అదే తల్లుల ముందు చదివి వినిపించండి.