పులిపిరి వైరస్ కణం స్విచ్ పట్టుకున్న కథ

మా నల్గొండ, మహబూబ్‌నగర్ దిక్కు చేతి మీద పులిపిరికాయ లేస్తే ఒకరు సున్నం పెట్టమంటరు, ఇంకొకరు వెంట్రుకతో బిగించి కట్టమంటరు. అది వైరస్ పని అని చెప్పేవాళ్లు తక్కువ. ఆ వైరస్ కుటుంబం పేరు పాపిల్లోమా. అందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చేతి మీద పులిపిర్లు తెచ్చే రకాలు వేరు, ఆడవాళ్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 లాంటి రకాలు వేరు. కాబట్టి ఇది విని చేయి చూసుకుని భయపడకండి.

ఈరోజు రెండు చరిత్రలు చెప్తాను. ఈ వైరస్ మన చర్మకణంలో ఏం చేస్తుందో ఎలా తెలిసింది అన్నది ఒకటి. దీని టీకా 2009లో మాకు పక్కనున్న ఖమ్మం జిల్లాకు వచ్చినప్పుడు ఏం జరిగింది అన్నది రెండోది. మొదటిది తెలియకపోతే రెండోది సగమే అర్థమవుతుంది.

మొదలు వైరస్‌తో కాదు, ఎలుక పిల్లలతో. అమెరికాలో స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త ఎలుక లాలాజల గ్రంథి నుంచి తీసిన పదార్థాన్ని ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, వాటి కళ్లు మామూలు కంటే ముందే తెరుచుకున్నాయి. చర్మకణాలు తొందరగా పెరగడమే కారణం. ఆ పదార్థమే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, పొట్టిగా ఈజీఎఫ్. 1986లో ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈజీఎఫ్ కణం లోపలికి వెళ్లి పని చేయదు. కణం పైన దానికోసం ఒక రిసెప్టర్ ఉంటుంది, ఇంటి ముందు కాలింగ్ బెల్ అనుకోండి. ఈజీఎఫ్ నొక్కితే లోపలికి "రెండుగా చీలు" అని కబురు పోతుంది. అసలు తెలివంతా తర్వాత ఉంది. కణం ఆ బెల్‌నే ఒక చిన్న సంచిలో లోపలికి మింగేస్తుంది. సంచిలో ఆమ్లం పెరుగుతుంది, చివరికి చాలా రిసెప్టర్లు ముక్కలైపోతాయి. మోత ఆగుతుంది. ఇదే ఆఫ్ స్విచ్.

ఇప్పుడు వైరస్ బాధ చూడండి. చర్మంలో అడుగు పొర కణాలే చీలుతుంటాయి. పైకి వచ్చేకొద్దీ ఆ పని మానేస్తాయి. వైరస్ తన డీఎన్ఏ కాపీలు తీసుకోవాలంటే కణం దగ్గరున్న యంత్రాలే కావాలి. పని మానేసిన కణంలో అవి ఆగిపోయి ఉంటాయి. అంటే కణాన్ని మేల్కొలిపి ఉంచడం దానికి బతుకు సమస్య.

ఎలా ఉంచుతుందో మొదట ఆవుల పులిపిరి వైరస్‌లో దొరికింది. దాని ఇ5 అనే ప్రొటీన్‌లో ఉన్నవి 44 అమైనో ఆమ్లాలే. 1990ల మొదట్లో యేల్ యూనివర్సిటీలో డేనియల్ డిమాయో బృందం చూపించింది ఏమంటే, అది పీడీజీఎఫ్ అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ రిసెప్టర్‌ని పట్టుకుని నేరుగా ఆన్ చేస్తుంది. నొక్కేవాడు లేకుండానే బెల్ మోగడం అన్నమాట. నేను ఉద్యోగంలో రాసిన ఏ ఫంక్షనూ ఇంత చిన్న సైజులో ఇంత నష్టం చేయలేదు.

మనుషుల 16వ రకం ఇ5 వేరే దారి పట్టింది. 1993లో డెన్నిస్ మెక్‌కాన్స్ బృందం మనిషి చర్మకణాల్లో ఈ ప్రొటీన్ పెట్టి చూసింది. కణం ఈజీఎఫ్ రిసెప్టర్‌ని మింగుతోంది, కానీ అది ముక్కలు కావాల్సినంతగా కావడం లేదు, తిరిగి పైకి వచ్చి కూర్చుంటోంది. కిల్ చేసిన ప్రాసెస్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయినట్టు. సంచిలో ఆమ్లం పెరగకుండా ఇ5 ఆపుతుందని అదే బృందం 1995లో చెప్పింది. కాదు, సంచుల ప్రయాణమే నెమ్మదిస్తుందని వేరేవాళ్లు అన్నారు. ఏదైనా ఫలితం ఒకటే, ఆఫ్ స్విచ్ సరిగ్గా పడదు.

ఇ5 ఒక్కటే క్యాన్సర్ తేదు. పెద్ద దొంగలు ఇ6, ఇ7. మన కణంలో కాపలా కాసే పీ53ని ఇ6, ఆర్‌బీని ఇ7 పడగొడతాయి. వైరస్ డీఎన్ఏ మన డీఎన్ఏలో అతుక్కున్నాక చాలాసార్లు ఇ5 జీన్ పోతుంది, ఇవి రెండూ మిగులుతాయి.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి. ఈ మూడూ కణం లోపల పనిచేస్తాయి. టీకాలో ఈ మూడింటిలో ఏదీ లేదు, వైరస్ పైపెంకు ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. టీకా వల్ల పుట్టే యాంటీబాడీలు వైరస్‌ని కణం బయటే ఆపుతాయి. లోపలికి దూరినదాన్ని ఏమీ చేయలేవు. అందుకే వైరస్ సోకే వయసు రాకముందే, చిన్నపిల్లలకే వేయాలి.

"పెద్దవాళ్ల జబ్బుకి పిల్లలకెందుకు సూది?" అని ఏ తల్లయినా అడుగుతుంది. జవాబు ఇదే, చెప్పడానికి పది నిమిషాలు చాలు.

2009 జులైలో పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గార్డసిల్ టీకా మొదలుపెట్టాయి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో లెక్క ఉంది. మన రాష్ట్రానివి 9,543 అంగీకార పత్రాలు చూస్తే 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాలు. తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు.

టీకా వేయించుకున్నవాళ్లలో ఇక్కడ ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు చనిపోయారు. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగులమందు, మలేరియా లాంటివి కారణాలని ప్రభుత్వం చెప్పింది. టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని 2011లో విచారణ కమిటీ తేల్చింది, అంగీకారం తీసుకున్న తీరు మాత్రం తప్పని చెప్పింది. నాకు ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమే. మందు మంచిదైనంత మాత్రాన అడగకుండా వేసే హక్కు రాదు. అడగకుండా వేశారు కాబట్టే మంచి మందు మీద కూడా నమ్మకం పోయింది.

2010 ఏప్రిల్‌లో కేంద్రం ఈ టీకా కార్యక్రమాలన్నీ ఆపేసింది. దీనితో సంబంధం లేని ఇంకో అధ్యయనం కూడా ఆగింది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని దేశంలో దాదాపు 17,700 మంది అమ్మాయిలతో అది నడుస్తోంది. దాని కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, మన రెండు జిల్లాల వాళ్లు వంద కిలోమీటర్లు బస్సెక్కి వెళ్లే అదే ఆసుపత్రి. మధ్యలో ఆగడంతో దాదాపు 5 వేల మందికి ఒక్క డోసే పడింది. వాళ్లను పదేళ్లు గమనించారు. 16, 18 రకాలు ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు కూడా ఇంచుమించు మిగతావాటంత కాపాడిందని 2021లో ఫలితం వచ్చింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ చిన్న వయసు పిల్లలకు ఒక్క డోసు ఇచ్చినా సరేనంది.