ధాత కరువునాటి శోధన

బంగారమునకు పుటమెట్టి మేలిమి చూచునట్లు మనుష్యుని విశ్వాసమునకు కష్టమే పరీక్ష యని సర్వమతముల పెద్దలును చెప్పుచున్నారు. క్రైస్తవ గ్రంథమునందు ఈ పరీక్షకు గ్రీకుభాషలో పైరాస్మోస్ అను పదము గలదు. వెలుపలినుండి వచ్చు కష్టమునకును, లోపలినుండి పుట్టు ప్రలోభమునకును ఆ పదమొక్కటియే చెల్లును. తెలుగు బైబిలునందు రెంటికిని శోధన యనియే వ్రాయబడినది. శుధ్ ధాతువునకు శుద్ధియగుట యని యర్థము గదా. కావున ఈ తెలుగుసేత మిక్కిలి యుచితమని మేము తలంచెదము. కష్టము ఓర్పును పుట్టించుననియు, ప్రలోభము దేవునివలన గాక నరుని స్వీయవాంఛవలన కలుగుననియు యాకోబు పత్రిక బోధించుచున్నది. నలువది దినముల యుపవాసానంతరము యేసునకు అరణ్యమున వచ్చిన మొదటి శోధన రాళ్లను రొట్టెలుగా చేయుమనుటయే. ఆకలిని మించిన పరీక్ష లేదని దీనివలన తెలియనగును.

ఈ బోధ మన సీమయందు ఎట్లు పరీక్షకు వచ్చినదో విచారింతము. తోళ్ల వర్తకుడును మాదిగ కులస్థుడునగు యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొందిరి. ఆ యేడే అమెరికా బాప్టిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు ఒంగోలున నివాసమేర్పరచుకొనిరి. క్రొత్తగా చేరినవారు ఆదివారమున పనిచేయమనియు, చచ్చిన పశువుల మాంసము తినమనియు, విగ్రహములను కొలువమనియు నియమము పట్టిరి. గ్రామదేవతల జాతరలో డప్పు కొట్టుటయు మానిరి. అందుపై పెక్కు గ్రామములలో మోతుబరులు ఆగ్రహించిరి. చాకలి బట్టలుతుకడయ్యెను; కుమ్మరి కుండ లమ్మడయ్యెను; పశువులను బీటినుండి తోలివేసిరి; చెప్పులు కుట్టు పనియు, కోతకాలపు గింజయు దక్కకపోయెను. ఇది మొదటి శోధన.

రెండవది ధాత సంవత్సరపు కరువు. 1876లో వానలు తప్పినవి. 1878 వరకు చెన్నపురి రాజధానియందు జనులు లెక్కకు మిక్కిలిగా మడిసిరి. సర్వే పని యెరిగిన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమునకు కంట్రాక్టు పుచ్చుకొని, వేలకొలది జనులకు కూలి కల్పించిరి. బోధకులే మేస్త్రీలైరి. జనులు బాప్తిస్మము నడిగిరి, దొరగారు ఇయ్యనైరి. కూటికొరకు వచ్చినవారెవరో, మనసు మారి వచ్చినవారెవరో ఆ సమయమున తేల్చుట దుర్ఘటమని వారి యభిప్రాయము. అట్లు 15 మాసములు గడచినవి. సహాయమునకు వచ్చిన సొమ్ము ముగిసిన పిదపనే ద్వారము తెరవబడెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లికడ గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంవత్సరాంతమునకు వారి సంఖ్య 9 వేలు దాటెను.

గంజికొరకు మతము మార్చిరని మన పూర్వులను నేటికిని కొందరు ఆక్షేపింతురు. కూలి జరుగుచున్నంతకాలము నిరాకరింపబడి, కూలి ముగిసిన పిమ్మట వచ్చినవారిని గూర్చి ఈ మాట యెట్లు పొసగును? మున్ముందు సహాయము దొరకునను ఆశ కొందరికి లేకపోలేదని యొప్పుకొందము. కాని ఒక్క కారణముచేతనే ఇన్ని వేలమంది కదలిరనుట చరిత్ర గాదు. గౌరవముతో పలుకరింపబడుటయు, బిడ్డలకు అక్షరము దొరకుటయు ఆకలికంటె తక్కువ కారణములా?

మన కులమున హిందువులును గలరు, క్రైస్తవులును గలరు. ఉభయులును ఆ కరువునుండి బ్రతికి బయటపడినవారి సంతతియే. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులనుండి క్రైస్తవులను వేరుచేసినది. కాగితమున కొక పేరును, ప్రార్థనకొక పేరును పెట్టుకొనవలసివచ్చిన ఇండ్లు అందువలన నేర్పడినవి. అట్టివారి కష్టమును చూచి నవ్వుట మనకు ధర్మము గాదు. శోధన యొకరికి తిండి రూపమున, మరియొకరికి ఉద్యోగ రూపమున వచ్చును. అన్యుని శోధనకు మనము తీర్పరులము గాము. మన శోధనలో నిలుచుటయే మన పని. ఈ సభకు విచ్చేసిన పెద్దలు తమ తమ గ్రామముల ముసలివారినడిగి ఆనాటి వృత్తాంతములను వ్రాసి యుంచెదరుగాక యని మా ప్రార్థనము.